నూతి నీళ్ళు

పన్నెండో గొట్టంలో అయొడిన్ చుక్క వేసి, యుగంధర్ డ్రాపర్‌ని బల్ల మీద పెట్టేశాడు. పన్నెండు గొట్టాలూ ఇంకు పోసినట్టు నీలంగా నిలబడ్డాయి. ఒక్కటంటే ఒక్కటి తేటగా లేదు.

గంజినీళ్ళలో అయొడిన్ పడితే నీలం పుడుతుందని హైస్కూలు పిల్లలకి కూడా తెలుసు. ఆ గొట్టాల్లో కలిపిన ఎంజైము బతికుంటే ఈపాటికి గంజిలో పిండినంతా విరగ్గొట్టి ఉండేది, అయొడిన్ చుక్క పడ్డా నీలం వచ్చేది కాదు. వచ్చిందంటే ఎంజైము చచ్చిందన్నమాటే. పది రోజుల్లో అది చావడం ఇది మూడోసారి.

"దీదీ, ఏక్ బాత్ పూఛూఁ? బురా మత్ మాన్‌నా, ఏమీ అనుకోకు," అన్నాడు యుగంధర్ గ్లవ్స్ ఊడదీస్తూ. "ఏప్రిల్‌లో నువ్వు చేసినప్పుడు సచ్‌మే పనిచేసిందా ఇది?"

దుర్గ బల్ల దగ్గరికి వచ్చింది. గొట్టాల స్టాండు తీసుకెళ్ళి కిటికీ దగ్గర పెట్టి, ఒక్కొక్కదాన్నే వేలితో తట్టి చూసింది. తడితే రంగు పోతుందా? బయట జూన్ వాన ఎడతెరిపి లేకుండా పడుతోంది.

యుగంధర్ చెడ్డవాడేం కాదు. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి, చెన్నైలో చదివి, నెలన్నర కిందట ఫెలోషిప్ మీద ఇక్కడికే వచ్చాడు. దుర్గ కన్నా ఐదేళ్ళు చిన్న. పని నేర్చుకునేటప్పుడు దీదీ దీదీ అంటూ వెంట తిరిగాడు. ఇప్పుడు అదే దీదీ మాట అంటూనే అనుమానంగా చూస్తున్నాడు. ఆ చూపు దుర్గకి ఒంట్లో ముల్లు విరిగినట్టుంది.

ఆ ఎంజైముని పుట్టించే బాక్టీరియాని పట్టుకున్నది దుర్గే. మిన్నీ బేలో వాళ్ళ ఇంటి వెనక, తల్లి గురువమ్మ రోజూ గంజి వార్చి పారబోసే చోట పుల్లటి వాసన వేసే మట్టి ఉంటుంది. గంజి తిని బతికే పురుగు గంజి దొరికే చోటే ఉంటుంది కదా అని దుర్గ ఓ చెంచాడు మట్టి సీసాలో తెచ్చింది. అందులోంచి తేలింది పద్నాలుగో నంబరు పురుగు. దాని ఎంజైము గంజిలోంచి ఓ గ్లూకోజు ముక్క తుంచి విటమిన్ సి నెత్తిన పెడుతుంది. విటమిన్ సి అంటే కోసిన జామకాయ లాంటిది, గాలి తగిలితే చెడిపోతుంది. ఆ గ్లూకోజు టోపీ పెడితే నెలల తరబడి నిలవుంటుంది. మొహానికి రాసుకునే క్రీములు చేసే కంపెనీలకి కావలసింది అదే. పురుగుల్ని నలగ్గొట్టి, పులుసులోంచి ఆ ఒక్క ఎంజైమునీ మిగతా చెత్త నుంచి విడదీసి, ఎంత వేడికి ఆగుతుందో, ఏ పులుపులో పనిచేస్తుందో అంకెలు రాసింది దుర్గ. రెండేళ్ళ పని.

ఈ నెల ముప్పయ్యో తారీకుతో ఆవిడ ప్రాజెక్టు ఉద్యోగం ఆఖరు. ఈ పని మీద రాస్తున్న రీసెర్చి పేపర్లో పేరుంటే పిహెచ్‌డీకి రిజిస్టరు చేసుకోవచ్చు, ఉద్యోగమూ పొడిగిస్తారు. పేరు లేదా, ఆ రెండేళ్ళూ గంజితో పాటు పెరట్లో పారబోసినట్టే.

"సర్ పిలుస్తున్నారు," అని తలుపు దగ్గర నిలబడి చెప్పాడు ఆఫీసు మణికుమార్. "ఫౌరన్ అంట, ఇప్పుడే రమ్మన్నారు."

ల్యాబ్ పెద్ద గణేశ్వరరావు గదిలో ఏసీ చల్లగా ఉంది. ఆయన బల్ల మీద పేపరు చిత్తు ప్రతి, దాని మీద ఆకుపచ్చ ఇంకు పెన్ను. ఆ పెన్ను ఆయన గెజిటెడ్ హోదాకి గుర్తు. స్నానానికి తప్ప జేబులోంచి తియ్యడని అందరూ నవ్వుకుంటారు. మనిషి మన తెలుగువాడే. తాత ఏ కళింగపట్నం వైపు నుంచో ఓడెక్కి అండమాన్ వచ్చాడట. సభల్లో ఆ సంగతి గొంతు వణికించి మరీ చెబుతాడు. గరాచర్మలో రెండంతస్తుల ఇల్లు కట్టాక మాత్రం మనవాళ్ళుండే మిన్నీ బే వైపు చూసింది లేదు.

"చూడు దుర్గా. మనవాళ్ళ పిల్లవి, పైకి రావాలని తీసుకున్నాను. అచ్ఛా, ఇప్పుడు నిజం చెప్పు. కాకిలెక్కలు రాశావా?"

దుర్గకి చెవులు వేడెక్కాయి. "లేదు సర్. అంకెలన్నీ నిజమే."

"మరి యుగంధర్ చేతిలో ఎందుకు చస్తోంది? అదే పురుగు, అదే కాలమ్, అదే గంజి. పుస్తకంలో నువ్వు రాసింది రాసినట్టు చేస్తున్నాడు." ఆయన చిత్తు ప్రతి ఇటు తిప్పాడు. పేర్ల వరసలో రెండోది ఆవిడ పేరు. దాని మీద అడ్డంగా ఆకుపచ్చ గీత. "శుక్రవారం పొద్దున్న ఫ్లైట్‌కి చెన్నై వెళ్తున్నాను. మధ్యాహ్నం కంపెనీ వాళ్ళతో మీటింగు. నీ ల్యాబ్ పుస్తకం మొత్తం స్కాన్ చేసి అంతకు ముందే వాళ్ళకి పంపాలి. గురువారం లోపల ఇది పనిచేసి చూపించకపోతే, పేరు మాట దేవుడెరుగు, అంకెలు కల్పించిందని నీ మీద రిపోర్టు రాయవలసి వస్తుంది. రాయక నాకు తప్పదు." పెన్ను మూత పెడుతూ అడిగాడు. "పుస్తకంలో రాసిందానికి వేరేగా ఏమైనా చేశావా?"

"లేదు సర్," అంది దుర్గ.

ఆ మాట అన్నాక తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని బయటికొచ్చేసింది. ఎందుకంటే చేసింది.

ఆ సాయంత్రం అబర్డీన్ బజార్‌లో బస్సు కోసం నిలబడ్డంతసేపూ ఏప్రిల్ నెలే కళ్ళ ముందు తిరిగింది. అప్పుడు ఊళ్ళో లైన్‌లో నీళ్ళు ఐదు రోజులకోసారి. చల్లబరచడానికి పారే నీళ్ళు లేక ల్యాబ్‌లో డిస్టిల్డ్ వాటర్ చేసే ప్లాంటు మూడు వారాలు మూతపడింది. పులుసులోంచి ఎంజైముని తీశాక అందులో ఉప్పు మిగిలిపోతుంది. దాన్ని సన్నటి పొర సంచిలో పోసి, మూతి కట్టి, మూడుసార్లు నీళ్ళు మార్చి నానబెడితే ఉప్పు బయటికి పోయి ఎంజైము లోపల ఉంటుంది. దానికి నీళ్ళు కావాలి, బిందెలకి బిందెలు. నీళ్ళు లేవు సర్ అంటే, "ఎక్కణ్ణుంచి తెస్తావో నాకనవసరం, గురువారానికి నాకు అంకెలు కావాలి," అన్నాడు గణేశ్వరరావు. దుర్గ ఇంటి నూతి నీళ్ళు ఇరవై లీటర్ల క్యానులో పోసి ఆటోలో తెచ్చింది. అలా మూడుసార్లు. రెండేసి సార్లు ఫిల్టర్ చేసి వాడింది. పుస్తకంలో ఏం రాయాలో తోచలేదు. నూతి నీళ్ళు అని రాస్తే నవ్వుతారు. అందరూ రాసేదే రాసింది, డిస్టిల్డ్ వాటర్ అని. నీళ్ళు నీళ్ళే కదా అనుకుంది. ఆ నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళెవరైనా అలాగే అనుకుంటారు.

ఇంటికి చేరేసరికి వాన తెరిపిచ్చింది. తండ్రి బంగారురాజు అరుగు మీద వల పరుచుకుని చిరుగులు కడుతున్నాడు. నూతి గట్టు మీద గురువమ్మ చేద లాగుతోంది. పక్కన బిందె పెట్టుకుని పొరుగింటి కాళమ్మ. వీధి మొత్తం ఎండాకాలం ఆ నూతి మీదే బతుకుతుంది. వానాకాలం వచ్చినా పప్పు వండడానికి తప్ప అన్నిటికీ ఆ నీళ్ళే. ఆ నీళ్ళలో పప్పు ఉడకదు, గురువమ్మకి అదొక్కటే చిన్నతనం.

"బేగొచ్చీసినావేటే?" అంది గురువమ్మ. "మొకమేటలగుంది? సర్ ఏటైనా అన్నాడేటి?"

"ఏం లేదమ్మా. చాయ్ పెట్టుకుంటాను."

"కెటిల్‌కి తెల్లగా పట్టీసింది, గోకి పెట్టు. నాల్రోజులకే గుడ్డు పెంకంత మందాన కట్టీసింది ముండ."

దుర్గ కెటిల్ మూత తీసింది. అడుగంతా తెల్లటి పెచ్చు. గరిట కాడతో కొడితే టప్‌మని విరిగి చేతిలో పడింది. సున్నం. పగడపు రాయి తొలిచి తీసిన నుయ్యి అది, సున్నం కాక ఏముంటుంది? చిన్నప్పటి నుంచీ గోకుతున్న సున్నమే. ఈ రోజు మాత్రం దుర్గ ఆ పెచ్చుని అరచేతిలో పెట్టుకుని, గ్యాస్ వెలిగించడం మరిచిపోయి అలాగే నిలబడిపోయింది.

కొన్ని ఎంజైములు సున్నం లేకపోతే కాళ్ళు లేని వాళ్ళలా కూలబడిపోతాయని ఎప్పుడో చదివింది. యుగంధర్ ఎంజైముని ఏ మచ్చా లేని నీళ్ళలో మూడుసార్లు కడుగుతున్నాడు. కడిగి కడిగి దాని ప్రాణాన్నే కడిగేస్తున్నాడు.

"అమ్మా, ఓ బాటిల్ నీళ్ళు తోడి ఉంచు. పొద్దున్నే పట్టికెళ్ళాలి."

"మళ్ళీ నీళ్ళు లేవేటి మీ ఆఫీసులో? వాన కురిసీస్తంటేను!" అని నవ్వింది గురువమ్మ. "తీసుకెల్లు. నీళ్ళడిగినోళ్ళకి లేదనకూడదు, గౌర్మెంటయినా సరే."

మంగళవారం పొద్దున్న, యుగంధర్ ఇంకా రాకముందే, కోల్డ్ రూములోంచి వాడి చచ్చిన ఎంజైము తీసి రెండు పొర సంచుల్లో సగం సగం పోసింది దుర్గ. సంచి మూతి కట్టడానికి ప్లాస్టిక్ క్లిప్పులున్నాయి కానీ ఆవిడ దారమే వాడుతుంది. ఒకసారి చుట్టి, లోపలి నుంచి తీసి, మళ్ళీ చుట్టి, కొస పళ్ళతో కాకుండా గోటితో బిగిస్తుంది. తండ్రి వలకి వేసే ముడి అది. ఈ ల్యాబ్‌లో చేరిన నాలుగేళ్ళలో ఒక్కటీ ఊడలేదు. ఒక సంచిని డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన, పులుపు మారకుండా నిలబెట్టే బఫర్‌ ద్రావణంలో, రెండోదాన్ని అదే బఫర్ నూతి నీళ్ళతో చేసి అందులో వేసింది. రెండు బీకర్లకీ పేర్లు రాయలేదు. నూతి నీళ్ళదానికి ఎర్ర దారం, డిస్టిల్డ్ దానికి తెల్ల దారం కట్టింది. రోజంతా మూడుసార్లు నీళ్ళు మార్చింది. ఏం చేస్తున్నావు దీదీ అంటే, చూద్దాం అంది.

బుధవారం ఉదయం పది గంటలకి రెండు గొట్టాల్లో గంజి పోసి, చెరో సంచిలోంచీ చెరో చుక్క కలిపి, అవే రంగు దారాలు కట్టి, పావుగంట వెచ్చటి నీళ్ళలో నిలబెట్టింది. అయొడిన్ చుక్క వేసే పని యుగంధర్‌కే ఇచ్చింది. తెల్ల దారం గొట్టం నీలం. ఎర్ర దారం గొట్టంలో చుక్క పడింది, కాస్త పసుపు విరిగింది, అంతే. గంజి తేటగా నిలబడింది.

"కమాల్ హై!" అని అరిచాడు యుగంధర్. "దీదీ! బతికింది! ఏం కలిపావు?"

చెప్పకపోతే అంకెలు దొంగవి. చెబితే పుస్తకంలో రాత దొంగది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. దుర్గకి ఆ క్షణంలో ఏ కోపమూ గుర్తు రాలేదు. రెండేళ్ళ తన పని ఆ గొట్టంలో తేటగా కనిపిస్తోంటే దాచాలనిపించలేదు.

"ఏం కలపలేదు. మా నూతి నీళ్ళు. ఏప్రిల్‌లోనూ అవే వాడాను. డిస్టిల్డ్ అని రాశాను, ప్లాంటు బంద్ కదా అప్పుడు."

యుగంధర్ ఆవిడ మొహం వంక ఒక నిమిషం చూసి, నెమ్మదిగా అన్నాడు. "నూతి నీళ్ళు... మినరల్స్... కాల్షియం!" చటుక్కున లేచి అలమారా తెరిచి కాల్షియం క్లోరైడ్ సీసా తీశాడు. తెల్లటి రవ్వ. చెంచా కొసన చిటికెడు తూచాడు. మధ్యాహ్నానికల్లా డిస్టిల్డ్ నీళ్ళలో ఆ చిటికెడు వేసిన మూడో గొట్టం కూడా తేటగా నిలబడింది. పరీక్షించే మెషీన్ తెర మీద విటమిన్ సి గీత పక్కన రెండో గీత, గ్లూకోజు టోపీ పెట్టుకున్నది, నిటారుగా లేచింది.

వాడు సంతోషం పట్టలేక సర్ గదికి పరిగెత్తాడు. పాపం, అందులో కుళ్ళు లేదు. దుర్గ ఒక్కతే సీసా ముందు నిలబడింది. అమ్మా నాన్నా తను పుట్టకముందు గునపాలతో రాయి కొట్టి, ఉప్పునీళ్ళు పడతాయని ఊరంతా వెక్కిరిస్తుంటే తవ్విన నుయ్యి. అదిప్పుడు ఓ చిటికెడు తెల్లరవ్వకి సరిపోయింది. ఇక నూతితో పని లేదు. తనతోనూ లేదేమో.

గురువారం గణేశ్వరరావు నవ్వుతూ పిలిచాడు. బల్ల మీద చాయ్ రెండు కప్పులు. కుర్చీ చూపించాడు. నాలుగేళ్ళలో ఆ కుర్చీలో ఎన్నడూ కూర్చోలేదు దుర్గ.

"శాబాష్! కంపెనీ వాళ్ళకి ఫోన్ చేశాను. కాల్షియం ఉంటేనే పనిచేసే ఎంజైము, పేటెంటుకి ఇంకా మంచిదన్నారు." చాయ్ ఒక గుక్క తాగి, ఆవిడ ల్యాబ్ పుస్తకం తెరిచాడు. "కానీ ఇది చూడు. ఏప్రిల్ పదకొండు. డిస్టిల్డ్ వాటర్. పద్దెనిమిది. డిస్టిల్డ్. ఇరవై ఐదు. మళ్ళీ అదే. యుగంధర్ అంతా చెప్పాడు. పుస్తకంలో అబద్ధం రాసిన మనిషి పేరు పేపర్లో ఎలా పెట్టను? సైన్సులో నిజాయితీ అని ఒకటుంటుంది దుర్గా. నేర్చుకో. కింద థాంక్స్‌లో వేస్తాను, ఉద్యోగం సంగతి తరవాత చూద్దాం."

దుర్గ చాయ్ ముట్టుకోలేదు. ఆ కాగితం అడుగునే ఉంది, 'చదివాను, అర్థమైంది' అని ఇంగ్లీషులో అచ్చువేసిన గీత. గీత మీద ఆకుపచ్చ సంతకం. ప్రతి శనివారం వారం పేజీలన్నీ వరసగా పెట్టి, సంతకం చోట పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టి ఇవ్వాలి. ఆయన ఫోన్ మాట్లాడుతూ ఇంటూ గుర్తులు వెతుక్కుంటూ సంతకాలు చేసుకుపోతాడు. ల్యాబ్‌లో అది ఆచారం.

"పన్నెండో తారీకు శనివారం మీరు సంతకం పెట్టారు సర్," అంది. ఆ ఆకుపచ్చ సంతకం మీద వేలు పెట్టింది. "దానికి రెండు రోజుల ముందు ప్లాంటు బంద్ అని కంప్లయింట్ మీరే రాశారు. మణికుమార్ భయ్యా రిజిస్టర్‌లో ఉంది. ఆ వారం ఈ బిల్డింగ్‌లో డిస్టిల్డ్ వాటర్ చుక్క లేదని నాకెంత తెలుసో మీకూ అంతే తెలుసు."

గణేశ్వరరావు పుస్తకం మూసి, కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. మాట మెత్తబడింది.

"దేఖో దుర్గా. గొడవెందుకు? నూతి నీళ్ళంటే కంపెనీ వాళ్ళు నవ్వుతారు. నువ్వు ఈ మూడు పేజీల్లో చిన్న సవరణ రాసెయ్. 'కాల్షియం క్లోరైడ్ కలిపాను' అని. పాత తారీకులే వెయ్యి. అప్పుడు పుస్తకం సరిగ్గా ఉంటుంది, నా సంతకం సరిగ్గా ఉంటుంది, నీ పేరు రెండోదిగా నేనే రాస్తాను. పొడిగింపు కాగితం కూడా రేపే సంతకం పెట్టి వెళ్తాను. సోచ్ లో, ఆలోచించుకో."

చెరిపేసిన పేరు పక్కనే ఆకుపచ్చ పెన్నుతో మళ్ళీ రాసి చూపించాడు, చిన్నపిల్లకి పిప్పరమెంటు బిళ్ళ చూపించినట్టు. దుర్గ చాయ్ కప్పు పక్కకి జరిపింది. పుస్తకం తీసుకుని వచ్చేసింది.

ఇంటి దగ్గర గురువమ్మ చేపల గంప కడుగుతూ అడిగింది. "పేరేత్తారేటే? బజార్లో అందరికీ సెప్పీసినాను, మా గుంట పేరు పుస్తకంలో పడతాదని. పక్క గంప తవిటమ్మ నమ్మనేదు. రేపు దానికి సూపించాల."

"వేస్తారమ్మా. నేను ఓ ముక్క రాసిస్తే వేస్తారు."

"రాసీ మరి! సదువుకున్నదానివి, రాయడానికేటి బద్దకం?"

అరుగు మీద నుంచి బంగారురాజు ఒక్కసారి తలెత్తి కూతురి వంక చూశాడు. చూసి, మళ్ళీ వల మీదకి వంగాడు. ఆ ఇంట్లో మాట్లాడే పని అంతా గురువమ్మదే.

శుక్రవారం ఉదయం ఏడున్నరకి దుర్గ ల్యాబ్‌లో తన బల్ల దగ్గర కూర్చుని, ఏప్రిల్ పదకొండు పేజీ తెరిచింది. ఒక వాక్యం చాలు. రెండేళ్ళ పనికి పేరు వస్తుంది, ఉద్యోగం ఉంటుంది, తవిటమ్మకి చూపించవచ్చు. పైగా అదంత పెద్ద అబద్ధమా? నూతిలో ఉన్నదీ కాల్షియమే, సీసాలో ఉన్నదీ కాల్షియమే. పెన్ను కాగితానికి ఆనించింది.

అప్పుడు కోపం వచ్చింది. నాలుగు రోజులుగా భయం వెనక దాక్కున్న కోపం. ఒక అబద్ధం రాశానని పేరు కొట్టేసిన మనిషి, ఇంకో అబద్ధం రాస్తే పేరు ఇస్తానంటున్నాడు. నిజాయితీ నేర్చుకో అని పాఠం చెప్పిన నోరు చాయ్ చల్లారకముందే పాత తారీకు వెయ్యమంది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదివరకు నవ్వొచ్చేది. సోకు వాళ్ళు చేసుకున్నా ఓర్చుకోవచ్చు. సొమ్ము ఎవరిదో చెరిపెయ్యడానికి చెయ్యి కూడా తనదే కావాలట!

దుర్గ రాసింది. గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలు, తొందర లేకుండా. 'సవరణ. పైన డిస్టిల్డ్ వాటర్ అని నేను రాసింది తప్పు. ఆ వారం డిస్టిలేషన్ ప్లాంటు పనిచేయలేదు. వాడిన నీళ్ళు మిన్నీ బేలో గురువమ్మ నూతివి, ఇరవై లీటర్లు. ఈ ఎంజైము బతికింది ఆ నీళ్ళ వల్ల.' కింద తన సంతకం, ఈ రోజు తారీకు. పద్దెనిమిది పేజీలోనూ, ఇరవై ఐదు పేజీలోనూ అదే రాసింది. మూడు పేజీల అడుగునా, అలవాటు ప్రకారం, పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టింది.

ఎనిమిదింటికి కింద టాక్సీ హారన్ మోగుతోంది. గణేశ్వరరావు గదిలో నిలబడే ఉన్నాడు, భుజానికీ చెవికీ మధ్య ఫోన్, ఒక చేత్తో సూట్‌కేస్ జిప్పు లాగుతూ. దుర్గని చూసి కనుబొమలెగరేశాడు.

"రాసేశావా?"

"రాశాను సర్."

"సవరణ మూడు చోట్లా?"

"మూడు చోట్లా సర్. ఏం జరిగిందో అది రాశాను."

"గుడ్, గుడ్." ఫోన్‌లోకి, "హాఁ జీ, నికల్ రహా హూఁ," అంటూనే ఆకుపచ్చ పెన్ను తీశాడు. దుర్గ పేజీ తిప్పింది. పెన్ను ఇంటూ గుర్తు వెతుక్కుని ఆగింది. సంతకం. రెండో పేజీ. సంతకం. మూడో పేజీ దగ్గర ఫోన్‌లో అవతలి మనిషి ఏదో జోక్ వేసినట్టున్నాడు, నవ్వుతూ సంతకం పెట్టాడు. దుర్గ పేజీ అంచు వేలితో నొక్కి పట్టుకుంది. ఎవరు రాసిందీ ఎన్నడూ చదవని కళ్ళు ఈ రోజు చదువుతాయా?

"మణికుమార్‌కి ఇచ్చెయ్, వెంటనే స్కాన్ చేసి పంపమను. నీ పొడిగింపు కాగితం వచ్చాక చూస్తాను, టైము లేదు," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. రేపే సంతకం పెట్టి వెళ్తాను అన్న కాగితం బల్ల మీద అలాగే ఉంది. దుర్గ దాని వంక ఒకసారి చూసి పుస్తకం తీసుకుని బయటికొచ్చింది.

మణికుమార్ ఒక్కొక్క పేజీ అద్దం మీద బోర్లించి మీట నొక్కుతుంటే ఆవిడ పక్కనే నిలబడింది. ఏప్రిల్ పదకొండు కింద నుంచి వెలుతురు కొస నుంచి కొసకి నడిచింది. "ఇత్‌నా క్యా దేఖ్ రహీ హో దుర్గా?" అన్నాడు మణికుమార్. ఏం లేదు భయ్యా అంది. తొమ్మిదింబావుకి పుస్తకం మొత్తం కంపెనీకీ, ఎప్పట్లాగే ఓ నకలు పై ఆఫీసుకీ వెళ్ళిపోయింది. యుగంధర్ చేతికి పుస్తకం ఇచ్చి ఆ మూడు పేజీలు చూపించింది. వాడు చదివి పుస్తకం మూశాడు. "దీదీ, సర్ నిన్ను ఉంచరు," అన్నాడు. "తెలుసు," అంది దుర్గ.

మధ్యాహ్నం రెండు సంచులకి ముడి వెయ్యడం ఎలాగో వాడికి నేర్పించింది. రెండుసార్లు ఊడింది. మూడోసారి నిలిచింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గురువమ్మ గట్టు మీదే ఉంది. కూతురి అడుగుల చప్పుడుకే చేద వదిలేసి తిరిగింది.

"పేరెక్కిందేటే?"

"ఎక్కిందమ్మా. ఆకుపచ్చ సంతకంతో సహా ఎక్కింది."

"నా తల్లే!" గురువమ్మ తడి చేతులు చీరకి తుడుచుకుంది. "ఏటని రాసినారు? దుర్గ అనేనా, ఇంటిపేరు కూడా ఏసినారా?"

"నా పేరు కాదమ్మా. నీది. గురువమ్మ నుయ్యి అని రాశాను."

గురువమ్మ అర్థం కానట్టు నూతి వంక చూసింది. తరవాత మెల్లగా అడిగింది. "నీదో?"

"నాది లేదు."

"వుజ్జోగం?"

"ఈ నెలాఖరు దాకా."

మెచ్చుకుంటుందని దారి పొడుగునా ఎక్కడో చిన్న ఆశ ఉంది దుర్గకి. గురువమ్మ మొహంలో వెలుగు కాదు, కూతుర్ని పట్టుకు కొట్టాలన్నంత బాధ కనబడింది.

"నా పేరు సేపల బజార్లో అందరికీ తెలుసునే. దానికి పుస్తకం కావాలేటి? ఈ నూతికి పేరెట్టమని నానడిగినానా? నీ పేరు కావాలే నాకు! నీ పేరు!"

అరుగు మీద బంగారురాజు వల కడుతున్న చెయ్యి ఆగింది. కాళమ్మ బిందె పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయింది, రావాలో వద్దో తెలియక.

"రా కాళమ్మ పిన్నీ," అంది దుర్గ. చేతిలో ఫోన్ గట్టు మీద పెట్టి తాడు అందుకుంది. చేద నూతిలోకి వదిలింది. అడుగున నీళ్ళు తగిలిన చప్పుడు విని లాగడం మొదలుపెట్టేసరికి ఫోన్ మోగింది. తెర మీద గణేశ్వరరావు సర్ అని పేరు. చెన్నైలో మీటింగు అయిపోయినట్టుంది.

గురువమ్మ ఆ పేరు కూడబలుక్కుని చదివి, కూతురి వంక చూసింది. ఫోన్ మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. దుర్గ చేద పైకి లాగి కాళమ్మ బిందెలో పోసి, మళ్ళీ నూతిలోకి వదిలింది. బిందె నిండడానికి ఇంకా నాలుగు చేదలు పడుతుంది.